దాలమ్మ దింపు

ఊఁ కొట్టేవాళ్ళుంటే చెబుతాను, ఊరుకునేవాళ్ళుంటే నేనూ ఊరుకుంటాను. ఇది మా తాత పుట్టకముందు మాట. ఆ తాతకు తాత కూడా పుట్టకముందు మాట. అప్పట్లో కొండకో రాజు ఉండేవాడు. రాజుకో మేడ ఉండేది. మేడకు రాళ్ళు మోసే మనుషులు ఉండేవారు. ఆ మనుషులకు మాత్రం కూలబడడానికి జానెడు చోటు ఉండేది కాదు. అప్పటి మాట ఇది.

ఏటి ఒడ్డున ఒక కొండ ఉండేది. ఉడుము పడుకున్నట్టు ఉంటుందని ఉడుముకొండ అనేవారు. కింద కోటలో ఉక్కపోస్తోందని, పైన గాలి బాగుంటుందని, ఆ కొండ మీద మేడ కట్టించాలని రాజుగారికి బుద్ధి పుట్టింది. రాజుకు బుద్ధి పుడితే ఊరికి పని పుడుతుంది కదా.

మేడకు రాయి కావాలి. రాయి ఏట్లో ఉంది. మేడ కొండ మీద ఉంది. మధ్యలో దారి ఉంది. ఆ దారికి మూడు మలుపులు. మొదటిది చింత మలుపు, రెండోది ఎలుగు మలుపు, మూడోది గాలి మలుపు. ఏట్లో తట్టల్లో రాళ్ళెత్తుకుని ఆడవాళ్ళు వరసగా ఎక్కేవారు. పొద్దున ఎక్కేవారు. ఎండలో ఎక్కేవారు. పొద్దు వాలేదాకా ఎక్కేవారు.

ఆ పని మీద ఒక మేస్త్రీ ఉండేవాడు. పేరు అసిరయ్య. ఒకప్పుడు అతనూ తట్ట మోసినవాడే. మేస్త్రీ అయ్యాక నెత్తికి తలపాగా చుట్టాడు. చుట్టుకున్న నాడే ఆ నెత్తి మీద ఏముండేదో మరిచిపోయాడు. అతనిది ఒకటే కట్టడి.

"ఏట్లో ఎత్తిన తట్ట కొండమీదే దిగాల. మద్దిలో దించితే ఇంటికి పోవాల. నడు!"

ఎందుకంటే ఆ తట్ట ఒకసారి నేలకు దిగిందంటే మళ్ళీ నెత్తికెక్కడానికి ఇద్దరు కావాలి. ఇద్దరు వంగితే వరస ఆగుతుంది. వరస ఆగితే రాజుగారికి కోపమొస్తుంది. అందుకని ఆడవాళ్ళు తట్టతోనే నీళ్ళు తాగేవారు. తట్టతోనే ఏడ్చేవారు. కడుపుతో ఉన్నవాళ్ళు తట్టతోనే నొప్పులు ఓర్చుకునేవారు. మెడ తిప్పితే బరువు జారుతుంది కనుక పక్కన ఎవరు పడిపోయినా తిరిగి చూసేవారు కాదు.

ఆ వరసలో దాలమ్మ అనే మనిషి ఉండేది. ఆవిడ గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. అందగత్తె కాదు. నోరున్న మనిషి కాదు. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. చెల్లెలు చుక్కమ్మ ఒక్కతే ఆవిడకు దిక్కు, చుక్కమ్మకు ఆవిడే దిక్కు. కానీ ముందు నడిచే మనిషి కాళ్ళు వణికితే దాలమ్మకు తెలిసిపోయేది. తన తట్టను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ముందు మనిషి తట్ట కింద పెట్టేది.

"నడువమ్మా. నానున్నాను" అనేది.

అంతే. అంతకంటే ఎక్కువ మాట్లాడేది కాదు.

చుక్కమ్మ కడుపుతో ఉంది. నెలలు నిండుతున్నాయి. మొగుడు కలప కోతకు ఏటి అవతలకి పోయాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. పనికి రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. వస్తేనేమో కొండ. దాలమ్మ చెల్లెలి కాళ్ళు చూసింది, ఉబ్బి ఉన్నాయి. చెల్లెలి మొహం చూసింది, పాలిపోయి ఉంది. ఇక ఆగలేక చింత మలుపు దగ్గర అసిరయ్య ముందు నిలబడింది. నెత్తి మీద తట్ట అలాగే ఉంది.

"బాబూ, మా సెల్లికి నెలలు నిండినాయి. మలుపుకాడ ఒక్క పాలి తట్ట దించుకోనియ్యండి."

అసిరయ్య అన్నాడు, "ఒకర్తి దించితే అందరూ దించుతారు. నడు!"

దాలమ్మ నడిచింది.

మర్నాడు దివానుగారు పని చూడ్డానికి వచ్చాడు. ఎలుగు మలుపు దగ్గర దాలమ్మ ఆయన ముందు నిలబడింది.

"బాబూ, మలుపుకో రాయి నిలబెట్టించండి. గుండెలెత్తు ఉంటే సాలు. వంగకుండా దించుకుంటాం, వంగకుండా ఎత్తుకుంటాం."

దివానుగారన్నాడు, "మీకు రాళ్ళు నిలబెడితే మేడకు రాళ్ళు తగ్గుతాయి. నడు!"

దాలమ్మ నడిచింది.

ఆ మర్నాడు రాజుగారే వచ్చారు. గాలి మలుపు దగ్గర గొడుగు కింద నిలబడి ఏటిని చూస్తున్నారు. దాలమ్మ ఆయన ముందు నిలబడింది. వరసంతా దూరం నుంచి భయంతో చూసింది.

"నిన్నెవరు పంపారు?" అన్నారు రాజుగారు.

"ఎవులూ పంపనేదు బాబూ. నానే వచ్చినాను."

రాజుగారు ఆవిడ వెనక్కి చూశారు. వెనక ఎవరూ లేరు. ఆయనకు నవ్వొచ్చింది.

"ఒక్కదానివేనా? విను. బతికున్న నెత్తి మీద బరువు దిగదు. చచ్చాక దించుకో. నడు!"

దాలమ్మ నడిచింది. నడవక ఏం చేస్తుంది?

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఎండలు ముదిరాయి. ఒకరోజు మిట్ట మధ్యాహ్నం, గాలి ఆడని వేళ, చింత మలుపు దాటాక చుక్కమ్మకు కళ్ళు తిరిగాయి. దాలమ్మ వెనక నుంచి చూసింది. తట్ట కింద చెయ్యి పెట్టింది. అది చాలలేదు. అప్పుడేం చేసిందంటే, చెల్లెలి తట్టలో రాళ్ళు ఒక్కొక్కటే తీసి తన తట్టలో వేసుకుంది. చెల్లెలి తట్ట తేలికైంది. దాలమ్మ మెడ భుజాల్లోకి దిగిపోయింది.

"సాలప్పా, సాలు" అంది చుక్కమ్మ.

"నడువమ్మా" అంది దాలమ్మ. "నానున్నాను."

ఎలుగు మలుపు వచ్చింది. అక్కడ వరస కాస్త అటూ ఇటూ అయి చుక్కమ్మ వెనకబడింది. ఇప్పుడు అక్క ముందు, చెల్లెలు వెనక.

"అప్పా, నీళ్ళు తాగుతావా?" అంది చుక్కమ్మ.

దాలమ్మ పలకలేదు.

ఆవిడ వీపు మీద చెమట ఆరిపోయి ఉంది. అంత ఎండలో అందరి ఒళ్ళూ కారుతుంటే ఆవిడ ఒళ్ళు మాత్రం గోడలా పొడిగా ఉంది. అడుగులు పడుతున్నాయి కానీ అడుగుల చప్పుడు లేదు. ఎదురుగా ఖాళీ తట్టలతో దిగుతున్న ఆడవాళ్ళు ఆవిణ్ణి చూసి పక్కకు తప్పుకున్నారు. ఆవిడ కంటి మీద ఈగ వాలి ఉంది. ఆవిడ రెప్ప వేయడం లేదు.

అలాగే గాలి మలుపు ఎక్కింది. అలాగే కొండ మీదికి చేరింది. రాళ్ళు దించే చోట వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడింది. ఇద్దరు మనుషులు పట్టి ఆవిడ తట్ట దించారు. తట్ట దిగింది. ఆవిడ చేతులు దిగలేదు. తట్ట పట్టుకున్నట్టే పైకి ఉండిపోయాయి. అలా చేతులెత్తుకుని నిలబడిన మనిషి అలాగే వెనక్కి ఒరిగింది.

పైన నీళ్ళు పోసే ముసలమ్మ ఒకావిడ ఉండేది. పేరు గవరమ్మ. ఆవిడ వచ్చి దాలమ్మ మెడ ముట్టుకుంది. ఏటి అడుగు రాయిలా చల్లగా ఉంది. గవరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ మనిసి ఇప్పుడు సావనేదు. ఎలుగు మలుపుకాడే సచ్చిపోయినాది. మిగిలిన కొండంతా సచ్చి నడిసినాది."

అసిరయ్య వచ్చాడు. చూశాడు. అతని మొహం ఒక్క క్షణం మారింది. మళ్ళీ మామూలైంది.

"పాడె మొయ్యడానికి నలుగురు పోండి. సెల్లెల్ని పోనియ్యండి. మిగతావోళ్ళు వరసలో నిలబడండి. పొద్దింకా ఉంది. నడు!"

పాడె కట్టారు. చేతులు దించాలని చూశారు, దిగలేదు. చేతులెత్తిన శవాన్నే పాడె మీద పడుకోబెట్టారు. కాడు ఏటి పక్కన ఉంది. కాటికి పోయే బాట, కొండెక్కే దారి కలిసే చోట దింపుడు కళ్ళం ఉంది. దింపుడు కళ్ళమంటే మీకు తెలుసు కదా. కాటికి చేరకముందు పాడెను అక్కడ ఒకసారి నేల మీద పెడతారు. అయినవాళ్ళు శవం చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందని ఆశ. ఎవరూ పలకరు. పలకరని తెలిసే పిలుస్తారు.

పాడె దించారు. చుక్కమ్మ అక్క చెవి దగ్గర వంగింది.

"అప్పా! దాలప్పా!" అని పిలిచింది. గాలి ఆగిపోయింది.

"అప్పా! దాలప్పా!" అని పిలిచింది. ఏటి చప్పుడు ఆగిపోయింది.

"అప్పా! దాలప్పా!" అని పిలిచింది.

శవం పలికింది.

పెదవి కదలలేదు. రొమ్ము కదలలేదు. గొంతు మాత్రం దాలమ్మదే. నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"దించీసినారా?"

మోసిన నలుగురూ నాలుగు దిక్కులకు పరుగెత్తారు. చుక్కమ్మ పరుగెత్తలేదు. ఆ కడుపుతో ఎక్కడికి పరుగెడుతుంది? పాడె వెదురు పట్టుకుని చెప్పింది.

"దించీసినామప్పా. నిన్ను దించీసినాం."

"నన్ను కాదే. అందరివీ దించీసినారా?"

చుక్కమ్మ తలెత్తి చూసింది. కొండ మీద వరస కదులుతూనే ఉంది. చచ్చినవాళ్ళతో అబద్ధమాడకూడదంటారు. ఆవిడ పాడె పక్కనే కూలబడింది.

పారిపోయిన నలుగురూ కాసేపటికి సిగ్గుపడి తిరిగి వచ్చారు. పాడె ఎత్తబోయారు. లేవలేదు. ఇంకో నలుగురిని పిలిచారు. లేవలేదు. ఊళ్ళోంచి మగవాళ్ళందరూ వచ్చి పట్టారు. వెదుళ్ళు వంగాయి కానీ పాడె లేవలేదు. ఉడుముకొండే ఆ పాడె మీద పడుకున్నట్టుంది.

అంతలో ఏటి నుంచి కొత్త వరస బయల్దేరింది. అందరికంటే ముందు నడుస్తున్న మనిషి పాడె పక్కకు వచ్చింది.

"దించీసినారా?" అంది పాడె.

ఆ మనిషి నిలబడిపోయింది. వెనక మనిషిని చెయ్యి పట్టమంది. ఇద్దరూ కలిసి తట్ట దించారు. రెండో మనిషి వచ్చింది. "దించీసినారా?" రెండో తట్ట దిగింది. మూడో మనిషి వచ్చింది. "దించీసినారా?" మూడో తట్ట దిగింది. అలా వరసంతా దిగింది. పైనున్నవాళ్ళు కిందికి చూశారు. ఏం జరుగుతోందో తెలీలేదు గానీ, కింద అందరూ కూర్చుని ఉండడం కనిపించింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దిగి వచ్చారు. రాళ్ళు కొట్టేవాళ్ళు సుత్తులు పెట్టి వచ్చారు. సున్నం కలిపేవాళ్ళు గంపలు పెట్టి వచ్చారు. అందరూ పాడె చుట్టూ కూర్చున్నారు. కేకలు వేయలేదు. ఎవర్నీ తిట్టలేదు. ఊరికే కూర్చున్నారు. చాలామందికి పగటి పూట కూర్చోవడం అదే మొదలు. కొందరు అలా కూర్చునే నిద్రపోయారు.

అసిరయ్య పరుగెత్తుకొచ్చాడు. "లేవండి! నడవండి!" అన్నాడు. ఎవరూ లేవలేదు. అతను తలపాగా విప్పి నేలకేసి కొట్టాడు.

"సచ్చిన మనిసికి జడిసి కూకున్నారా? నానెక్కి సూపిత్తాను. ఎవుడ్రా అక్కడ, ఎత్తండి తట్ట!"

కోట మనుషులిద్దరు అతని నెత్తికి తట్ట ఎత్తారు. అతను పాడె పక్క నుంచి నడిచాడు. పాడె అతన్ని ఏమీ అడగలేదు. కొండెక్కాడు. పైన దించబోయాడు. చేతులు రాలేదు. తట్టకు చేతులు అతుక్కుపోయాయి. తట్ట నెత్తికి అతుక్కుపోయింది. కోట మనుషులు పట్టి లాగితే మనిషి లేచాడు గానీ తట్ట లేవలేదు. నిలబడితే బరువు పెరుగుతోంది. నడిస్తే ఓ పిసరు తగ్గుతోంది. అందుకని నడిచాడు. కొండ దిగాడు. కొండ ఎక్కాడు. మళ్ళీ దిగాడు, మళ్ళీ ఎక్కాడు. అందరూ కూర్చుని చూస్తున్నారు. అతనొక్కడే నడుస్తున్నాడు.

ఊళ్ళో శవముంటే పొయ్యి వెలగకూడదు. ఆ పొద్దు ఊళ్ళో పొయ్యి వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. ఏటి ఒడ్డున దొరికిన తుంగ గడ్డలు, ఈతపళ్ళు అందరూ పంచుకున్నారు. మూడోనాటికి కోటలో వంటవాళ్ళు కూడా పొయ్యి ఆర్పేశారు. "ఊళ్ళో శవముంది మహాప్రభో" అన్నారు. ఆ మూడు రోజులూ అంత ఎండలోనూ శవం కుళ్ళలేదు. కాకి వాలలేదు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.

రాజుగారు బంట్లను పంపారు. వాళ్ళు బరిసెలు భుజాన వేసుకుని వచ్చారు. "దించీసినారా?" అంది పాడె. బరిసెలు నేల మీద పెట్టి వాళ్ళూ కూర్చున్నారు. దివానుగారిని పంపారు. ఆయన సగం దారిలో ఆ గొంతు విని వెనక్కి పోయి ముసుగు తన్నాడు. చివరికి రాజుగారే పల్లకీ ఎక్కి వచ్చారు. బోయీలు పాడె దగ్గరికి రాగానే ఆ గొంతు అడిగింది. బోయీలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పల్లకీ దించి, భుజాలు తడుముకుంటూ వెళ్ళి జనంలో కలిసిపోయారు. రాజుగారు మట్టిలో కాలు పెట్టి నడిచి రావలసి వచ్చింది.

"మీ పెద్ద ఎవరు? ముందుకు రమ్మనండి" అన్నారు.

చుక్కమ్మ కడుపు పట్టుకుని లేచింది. "మా పెద్ద దాలమ్మ బాబూ."

"ఇదంతా ఎవరు చెయ్యమన్నారు?"

గవరమ్మ లేచింది. "దాలమ్మ బాబూ."

"ఎవరితో మాట్లాడాలి నేను?"

అందరూ లేచారు. "దాలమ్మతో."

"ఆవిడ చచ్చిపోయింది కదరా!"

"అందుకే ఆవిణ్ణి తమరింకేటీ సెయ్యలేరు బాబూ" అంది గవరమ్మ.

రాజుగారు వెనక్కి చూశారు. వెనక ఎవరూ లేరు. ఆయన గొంతు తగ్గింది.

"ఏం కావాలి మీకు?"

"మలుపుకో దింపు రాయి" అంది చుక్కమ్మ. "కడుపుతో ఉన్నోళ్ళకి, బాలెంతలకి బరువు పని వద్దు. కూకున్న పని ఇప్పించండి, తిండి మానకుండా. మిట్ట మద్దేనం వరస ఆపించండి."

"సరే. ఇచ్చాను. పాడె ఎత్తండి."

పట్టారు. పాడె లేవలేదు. ఆ గొంతు ఈసారి రాజుగారినే అడిగింది.

"అందరివీ దించీసినారా?"

"అందరి నెత్తులూ ఖాళీగానే ఉన్నాయి కదా!" అన్నారు. అప్పుడు కొండ దారి మీద మనిషి కనిపించాడు. అసిరయ్య దిగి వస్తున్నాడు. మూడు రోజుల నుంచి నిద్ర లేదు. కాళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. పెదవులు మాత్రం "నడు, నడు" అంటున్నాయి. తనకు తనే చెప్పుకుంటున్నాడు.

"ఆడి తట్ట ఉండనియ్యండి" అన్నాడు జనంలో ఒకడు. "ఆడు మొయ్యాల్సిందే."

చుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. "అందరివీ అన్నాది అప్ప. అసిరయ్య అందర్లో లేడేటి? దించండి బాబూ. దించొద్దన్న సెయ్యే దించాల."

రాజుగారు అసిరయ్య ఎదురుగా నిలబడ్డారు. తట్ట పట్టుకున్నారు. ఈసారి తట్ట కదిలింది. కానీ ఆయన మోకాళ్ళు వంగిపోయాయి, మొహం ఎర్రబడింది, ఊపిరి అందలేదు. ఏట్లోంచి ఎత్తిన ఒక్క తట్ట బరువెంతో ఆయనకు అంతవరకు తెలీదు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. చుట్టూ చూశారు. గవరమ్మ వచ్చి రెండో వైపు చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తట్ట దించారు.

అసిరయ్య నెత్తి తడుముకున్నాడు. పసిపిల్లాడిలా ఏడుస్తూ పాడె కాళ్ళ దగ్గర పడ్డాడు.

రాజుగారు శవం వైపు చూడలేక నేల చూస్తూ అన్నారు. "దించాను."

అప్పుడు అందరూ చూస్తుండగా దాలమ్మ చేతులు మెల్లగా కిందికి వచ్చాయి. వచ్చి రొమ్ము మీద ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెప్పలు మూసుకున్నాయి. కాకి ఒకటి ఎక్కడో అరిచింది. ఏటి చప్పుడు మళ్ళీ వినబడింది. నలుగురు వంగి పాడె ఎత్తారు. లేచింది. ఉత్త మనిషి బరువే. అది కూడా సరిగ్గా తిండి లేని మనిషి బరువు.

చుక్కమ్మ ఇంట్లో చాప మీద పడుకుని ప్రసవించింది. ఆ కొండ పనిలో పడుకుని బిడ్డను కన్నది తనే మొదలని చెబుతారు. అసిరయ్య మళ్ళీ తలపాగా చుట్టలేదు. దింపు రాళ్ళు నిలబెట్టే పనిలో కూలివాడిగా చేరాడు. మేడ ఆలస్యంగా లేచింది. రాజుగారు అందులో ఎక్కువ రోజులు ఉండలేదట. పైన గాలి వీచినప్పుడల్లా ఎవరో ఏదో అడుగుతున్నట్టుంటుందని దిగిపోయారట. ఇప్పుడా మేడ గోడలు కూలి తొండలు తిరుగుతున్నాయి.

ఆ మూడు రాళ్ళు మాత్రం ఉన్నాయి. గుండెలెత్తున, మలుపుకొకటి. కట్టెల మోపులవాళ్ళు, గడ్డి మోపులవాళ్ళు ఇప్పటికీ వాటి మీదే దించుకుంటారు. వాటికి పసుపు రాయరు, బొట్టు పెట్టరు. వాటికి చేసే పూజ బరువు దించడమే. ఆ చుట్టుపక్కల కూలికి వెళ్ళేవాళ్ళు పని ఒప్పుకునే ముందు, కూలెంత అని అడగకముందు, "దింపెక్కడ?" అని అడుగుతారు. చూపించకపోతే తట్ట ముట్టుకోరు. ఒక్కరే వెళ్ళి అడగరు కూడా. నలుగురు కలిసే అడుగుతారు.

ఇంకొకటుంది. ఆ ఊళ్ళల్లో ఎవరైనా పోతే, దింపుడు కళ్ళం దగ్గర పాడె దించాక వెంటనే పేరు పెట్టి పిలవరు. పెద్దవాళ్ళొకరు ముందు చుట్టూ తిరిగి చూస్తారు. ఎవరి నెత్తినా మూట ఉండకూడదు, ఎవరి భుజానా సంచి ఉండకూడదు, దారిన పోయేవాళ్ళు మోపుతో వెళ్తుంటే వాళ్ళనీ ఆపి దింపిస్తారు. అన్నీ నేల మీద ఉన్నాయని చూసుకున్నాకే అయినవాళ్ళను వంగమంటారు.

ఎందుకంటే, పలికితే జవాబు చెప్పాలి కదా.